నాదే అంటే ఊడిపోయే జుట్టు

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏ తప్పయినా నా కళ్ల ముందు రెండోసారి జరిగితేగాని నమ్మను. అలాంటిదాన్ని, దెయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు కూర్చుని వింటున్నాను.

పెళ్లి కుదిరిన నెలకే నాకు టైఫాయిడ్ వచ్చింది. మోకాళ్లదాకా ఉండే జడ ఎలకతోకంత అయింది. కాబోయే అత్తగారు నన్ను మెచ్చుకున్నదే ఆ జడ చూసి. జుట్టు సంగతి తెలిస్తే సంబంధం తప్పిపోతుందని అమ్మ భయం. నాకైతే అబ్బాయి బాగా నచ్చాడు. అందుకని నాకూ అదే భయం.

మా ఆఫీసు దగ్గర ఒక పార్లర్‌ ఉంది. అక్కడ పనిచేసే స్వప్న బోరబండ నుంచి వస్తుంది. మూడు రకాల పెట్టుడు జుట్టు నా ముందు పరిచింది. క్లిప్పులతో పెట్టుకునేవి, టేపుతో అంటించేవి, వేడిచేసి పాయపాయకీ జిగురుతో అతికించేవి.

"అన్నీ అసలు ఎంటికలే మేడం. గుడిల మొక్కు తీర్చుకున్నోళ్లయి. జర తడిమి చూడుండ్రి," అంది.

నేను క్లిప్పులవి తీసుకున్నాను. మర్నాడు క్యాంటీన్‌లో పక్క టీమ్ అమ్మాయి "ఇంత జుట్టా! అంతా నీదేనా?" అనడిగింది. "నాదే," అన్నాను. టిక్‌మని క్లిప్పు విడిపోయి, పాయ ఒకటి సాంబారులో పడింది.

వదులుగా పెట్టుకున్నానేమో అనుకుని టేపువి వేయించుకున్నాను. మెట్రోలో ఒకావిడ అదే ప్రశ్న వేసింది, నేనూ అదే జవాబు చెప్పాను. మియాపూర్‌లో దిగేసరికి టేపు ఊడి, జుట్టు భుజం మీద వేలాడుతోంది.

స్వప్న మొహం చిన్నబోయింది. "గిదేంది మేడం, గిట్లెప్పుడూ కాలే," అని ఈసారి నాలుగు గంటలు కూర్చోబెట్టి జిగురుతో అతికించింది. మూడు నెలలదాకా కదలవని హామీ కూడా ఇచ్చింది.

ఇక నాలోని టెస్టర్ నిద్రలేచింది. ఆఫీసు వాష్‌రూమ్ అద్దం ముందు నిలబడి తల పదిసార్లు విదిలించాను. జడ పట్టుకుని లాగాను. ఒక్క పాయ కూడా కదల్లేదు. తర్వాత మెల్లగా "ఇది నా జుట్టే," అన్నాను. రెండు పాయలు వాష్‌బేసిన్‌లో రాలాయి. ఇంకోసారి అన్నాను. మరో రెండు. మూడోసారి అనే ధైర్యం లేకపోయింది.

స్వప్నతో చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. రాలినవాటిని మళ్లీ అతికిస్తూ, "మొక్కు ఎంటికలు మేడం. దేవునికిచ్చినయి పెట్టుకుని అబద్ధమాడొద్దు," అని తేల్చేసింది.

నిశ్చితార్థం రోజు పూలజడ వేసుకుని పీటల మీద కూర్చున్నాను. అత్తగారు వచ్చి జడ చేతిలోకి తీసుకుని, అందరూ వింటుండగా, "అంతా నీ జుట్టేనామ్మా?" అనడిగారు. వెనక నుంచి అమ్మ నా వీపు మీద గిల్లింది.

సత్యహరిశ్చంద్రుడి వంశంలో పుట్టి నిజం చెప్పానని అనుకోకండి. అందరి ముందూ ఊడిపోతుందని హడలిపోయి చెప్పాను.

"కాదండి. టైఫాయిడ్‌లో నాది ఊడిపోయింది. ఇది కొన్నదండి."

అబ్బాయి వైపు చూడలేకపోయాను. జడ మాత్రం చెక్కుచెదరలేదు.

అత్తగారి మొహం ముడుచుకుంది. "ముందే చెప్పాల్సిందమ్మా. మా ఇంట్లో దాపరికాలుండవు. ఈ వయసులో కూడా చూడు, నా ముడి అంతా నా సొంత జుట్టే," అన్నారు.

ఆ మాట పూర్తవుతూనే ఆవిడ ముడి జారి, తాంబూలం పళ్లెంలో అరటిపళ్ల పక్కన పడింది. ఆవిడని ఎవరూ తాకలేదు. ఆవిడా తల తిప్పలేదు. అది సవరం. పిన్నులతో సహా ఊడింది.

ఎవరూ నవ్వలేదు. అబ్బాయి మాత్రం కండువా నోట్లో కుక్కుకున్నాడు. అత్తగారు సవరాన్ని తీసి, దులిపి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. "ముహూర్తం దాటిపోతోంది. ఉంగరాలు తియ్యండి," అన్నారు.

ఆ సవరం స్వప్న పార్లర్‌ది కాదు. ఆవిడ ఇరవై ఏళ్ల కిందట కాకినాడలో కొనుక్కున్నదట. ఎన్ని రకాలుగా ఆలోచించినా దీనికి కారణం నాకు దొరకలేదు.

అత్తగారూ నేనూ ఆ సంగతి ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు. కానీ మొన్న చుట్టాలొచ్చినప్పుడు, "మా కోడలికి వంట బాగా వచ్చు," అంటూ అత్తగారు రెండు చేతులతో తల గట్టిగా పట్టుకున్నారు.