తట్టే కార్డుకు పదిలో ఒకటి

దయ్యాలను నేను నమ్మను. ఇదంతా రాసి ముగించాక కూడా నమ్మను. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పని చేస్తున్నాను. ఎవరైనా వచ్చి ‘పని చేస్తోంది’ అంటే నమ్మకుండా ఉండడానికే నాకు జీతం ఇస్తారు. పన్నెండేళ్ళుగా అదే పని కావడంతో అది స్వభావమైపోయింది. ఇంట్లో పాలు విరిగినా ఎందుకు విరిగాయో తేలేదాకా నాకు తోచదు.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే ఇంక దారి లేకే.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. అక్కడి నుంచే రోజూ రైల్లో ఆఫీసుకు వెళ్ళి వస్తాను. చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల కోసం కట్టిన లైను ఇళ్ళలో ఒకటి. తాత చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చాడు. ఆయన తరువాత నాయన కూడా అందులోకే దిగాడు. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా ఆ రాతి దుమ్ము మాత్రం నాయన ఊపిరితిత్తులను వదల్లేదు. చివరి రెండేళ్ళూ ముందు గదిలో ఇనుప మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ మెషీన్ ట్యూబుతోనే గడిపాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఐదోదానికి ఊపిరి అందేది కాదు. అమ్మను పిలవాలంటే స్టీలు గ్లాసుతో మంచం కమ్మీ మీద కొట్టేవాడు. అమ్మ వంటింట్లో నుంచి ‘వస్తా ఉండా’ అనేది.

ఆ గది మూలలో నేలలో నుంచి పైకి వచ్చే ఒక పాత ఇనుప పైపు ఉంది. ఒకప్పుడు బేతమంగళ చెరువు నీళ్ళు దాంట్లో వచ్చేవట. నేను పుట్టాక రాగా చూడలేదు. మాకు ట్యాంకరే దిక్కు. అమ్మ ఆ పైపుకు కూరగాయల సంచి తగిలించేది.

ఇక ఆట సంగతి. ఆఫీసులో మా నలుగురికి కార్డుల ఆటల పిచ్చి. నేను తెచ్చుకున్న ఆటలో ఒకరి మీద ఒకరు గెలవడం ఉండదు. పాడుబడ్డ బంగళాలో చిక్కుకున్న వాళ్ళం మనం. బంగళాలో మనిషి కానిది ఏదో ఉంది. అందరూ కలిసి బయటపడాలి. ప్రతి వంతుకూ చీకటి కట్టలో నుంచి ఒక కార్డు తిరగబడుతుంది, మన భయం ఒక గుర్తు పెరుగుతుంది. ఆ కట్ట అయిపోయేలోగా బయటికి రావాలి. ఒక్కరు లోపల ఉండిపోయినా అందరూ ఓడినట్టే.

నేను ఆడి ఊరుకునే రకం కాదు. ఏ కార్డు ఎన్నిసార్లు వాడాం, దానివల్ల ఏం ఒరిగింది అని ప్రతి ఆటకూ నోట్‌బుక్కులో రాస్తాను. దాన్ని బట్టి కార్డులకు పదికి మార్కులు వేస్తాను. తాడుకు తొమ్మిది, దీపానికి ఎనిమిది, తాళంచెవికి ఆరు.

తట్టే కార్డుకు ఒకటి. అదీ జాలిపడి ఇచ్చింది. ఆ కార్డు వేసినవాళ్ళు బల్ల మీద మూడుసార్లు తట్టాలి. ఇష్టమైతే ఇంకొకరు తమ చేతిలోని ఒక కార్డు పారేసి, తిరిగి మూడుసార్లు తట్టి జవాబివ్వవచ్చు. అప్పుడు తట్టినవాళ్ళకు ఆ వంతులో భయం పెరగదు. అంతే. రెండు కార్డులు తగలేసి ఒక్క భయం గుర్తును ఆపుకోవడం అన్నమాట. జవాబు రాకపోతే అదీ లేదు. దీన్ని తయారు చేసినవాళ్ళకు ఆ పూట బుర్ర పనిచేసి ఉండదు అని నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా.

నాయనకు పొద్దు పోవడం లేదని ఆదివారాలు ఈ ఆట నేర్పాను. కార్డుల మీద ఇంగ్లీషును చదివి తెలుగులో చెప్పేదాన్ని. రెండు వారాల్లో బొమ్మలు చూసి గుర్తుపట్టేశాడు. తెలివిగా ఆడేవాడు, ఒక్క విషయంలో తప్ప. తట్టే కార్డు చేతికొస్తే వదిలేవాడు కాదు. తాడు పారేసి మరీ దాన్ని పెట్టుకునేవాడు. వంతు రాగానే దాన్ని వేసి, మా మధ్య బల్లగా పెట్టుకున్న పీట మీద వేలి కణుపుతో మూడుసార్లు తట్టి నా వైపు చూసేవాడు. నేను ‘జవాబు లేదు’ అని నోట్‌బుక్కులో రాసి నా వంతు ఆడేసేదాన్ని.

పద్నాలుగు ఆటలు ఆడాం, పద్నాలుగూ ఓడిపోయాం. నాకు తిక్క పుట్టింది. పనికిరాని కార్డులు తీసేస్తే పనికొచ్చేవి తొందరగా చేతికొస్తాయి కదా. మేం చేతికి తీసుకునే అరవై కార్డుల కట్టలో నుంచి నాలుగు తట్టే కార్డులనూ ఒక గురువారం తీసేసి, రబ్బరు బ్యాండు వేసి, ఆఫీసులో నా డెస్కు సొరుగులో పడేశాను. నాయనకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు.

ఆ ఆదివారం పగలు పదకొండున్నర. గాలికి గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల మీది దుమ్ము లేస్తుండడంతో కిటికీలు మూసేశాం. కరెంటు ఉంది, మెషీన్ నడుస్తోంది. అమ్మ వంటింట్లో సంగటి కెలుకుతోంది. ఆట మొదలుపెట్టే ముందు కార్డులు లెక్కపెట్టాను, అది నా అలవాటు. యాభై ఆరు ఉన్నాయి.

ఆట మొదటి నుంచీ మా వైపే నడిచింది. దీపాలు వచ్చాయి, తాళంచెవి వచ్చింది. ఇంకో రెండు మూడు వంతుల్లో బయటపడతామని నాకు తెలిసిపోతోంది. అప్పుడు నాయన ఒక కార్డు పీట మీద పెట్టాడు.

తట్టే కార్డు.

నేను భయపడలేదు. ఐదోది ఒకటి ఉండి ఉంటుంది, పెట్టెలో ఎక్కడో ఇరుక్కుని నా కంటికి కనబడలేదు అనుకున్నాను. నా లెక్క తప్పినందుకు చిరాకుపడ్డాను కూడా. చిరాకుగానే నోట్‌బుక్కులో ఆ కార్డు పేరూ ఆయన పేరూ రాశాను.

నాయన పీట మీద తట్టలేదు. నా వైపు చూసి, ఎప్పుడూ అడగనిది అడిగాడు.

“ఈ తూరి జవాబియ్యమ్మా.”

నా చేతిలో ఒకే కార్డు ఉంది. తాడు. తొమ్మిది మార్కుల తాడును పారేసి ఒక్క భయం గుర్తును ఆపాలా? గెలిచేస్తాం నాయనా, ఇప్పుడెందుకు అన్నాను.

అప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుముతో కొట్టిన శబ్దం, మూడుసార్లు. గది మూలలో నుంచి. సంచి తగిలించిన ఆ పైపులో నుంచి.

ఆ క్షణంలో ఎవరి చేతులు ఎక్కడున్నాయో నాకు ఈ రోజుకీ గుర్తుంది, ఎందుకంటే వెంటనే చూశాను. నాయన ఎడమ చేతిలో కార్డులున్నాయి. కుడి చెయ్యి ముక్కు దగ్గర ట్యూబు మీద ఉంది. స్టీలు గ్లాసు కిటికీ గట్టు మీద, ఆయనకు అందనంత దూరంలో ఉంది. పైపుకూ మంచానికీ మధ్య నేను కూర్చుని ఉన్నాను.

కాసేపాగి మళ్ళీ మూడు.

అమ్మ చేతులకు సంగటి అంటుకుని ఉండగానే గడప దగ్గరికి వచ్చింది. “పైపు కొట్టేది ఎవురు?” అని అడిగింది. ఈ ఒక్క మాట లేకపోతే నేను ఇది రాసేదాన్నే కాదు. నా చెవులను అనుమానించుకుని ఊరుకునేదాన్ని.

నాయన పైపు వైపు చూడలేదు. నన్నే చూస్తున్నాడు. మూడోసారి వచ్చిన శబ్దం సన్నగా ఉంది, రెండే దెబ్బలు. ఆ తరువాత ఆగిపోయింది.

పక్కింటివాళ్ళేమో అన్నాను. అని, నా వంతు ఆడాను. నిజం రాయాలి కదా, ఆ నిమిషంలో నాకు ఆట గెలవడమే ముఖ్యమనిపించింది. ఇంకో రెండు వంతుల్లో బయటపడ్డాం. పదిహేనో ఆటలో మొదటిసారి గెలిచాం. గెలిచాం నాయనా అంటే ఆయన చేతిలోని కార్డులు దుప్పటి మీద వదిలేశాడు.

“ఆ పొద్దు వాళ్ళు గూడా ఇట్లే లెక్కేసినారమ్మా” అన్నాడు.

మా ఇంట్లో ‘ఆ పొద్దు’ అంటే ఒక్కటే, ఏ పొద్దని అడగాల్సిన పని లేకపోయింది. నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు గని లోపల రాయి పేలి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, చనిపోయాడు. అంతవరకే నాకు తెలుసు. రాయి పడగానే ప్రాణం పోయిందనీ, కష్టపడలేదనీ అమ్మకు చెప్పారు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పింది నాయనే.

నాలుగు మాటలకొకసారి ఆగుతూ నాయన మిగతాది చెప్పాడు. పేలినచోటికి ఇవతల ఆయన ఉన్నాడు, అవతల మామ. మధ్యలో గోడలా రాళ్ళు. గాలి పైపు మాత్రం తెగలేదు. మామ అవతల నుంచి పైపు మీద మూడు కొట్టేవాడు, నాయన ఇవతల నుంచి మూడు కొట్టేవాడు. ఒక షిఫ్టంతా అలాగే గడిచింది. తరువాత పైవాళ్ళు వచ్చి చూశారు. రాయి ఇంకా మాట్లాడుతోంది, అంటే పగుళ్ళ చప్పుడు ఆగలేదు, ఎనిమిది మందిని పంపి ఒకణ్ణి తేవడం లెక్కకు రాదన్నారు. నాయనను కూడా ఇక కొట్టొద్దన్నారు. జవాబు వస్తే లోపలివాడు ఆశ పెట్టుకుంటాడట.

“నిలిపేసినాను” అన్నాడు నాయన. “వాడు నిలపలేదు. ఇంగ ఒగ షిఫ్టు కొట్టినాడు.”

అమ్మ గడప దగ్గరే నిలబడి అంతా వింది. చేతులకున్న సంగటి ఎండిపోయింది. “ఆ పొద్దు నువ్వు ఇంటికొచ్చి, అన్నం తిని, నిద్రపోయినావు” అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను కార్డులు సర్దాను. యాభై ఆరు. తట్టే కార్డు వాటిలో లేదు. దుప్పటి దులిపాను, మంచం కింద చూశాను, పీట తిరగేశాను. లేదు. నోట్‌బుక్కులో మాత్రం నా చేతిరాతతోనే ఉంది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే సొరుగు తీశాను. నాలుగు కార్డులూ రబ్బరు బ్యాండుతో సహా ఉన్నాయి. ఆట పెట్టె మీద రాసి ఉన్నదాని ప్రకారం అవి నాలుగే. ఐదోది ఎప్పుడూ లేదు.

మంగళవారం పొద్దున నేను రైల్లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. నాయన పోయాడు. మెషీన్ నడుస్తూనే ఉంది, ట్యూబు ముక్కుకే ఉంది. నా రైలు అప్పటికి సగం దూరం వచ్చేసింది. దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీద తిరుగు రైలు కోసం రెండు గంటలు కూర్చున్నాను.

కర్మకాండలన్నీ అయ్యాక అమ్మ నాకు ఒక విషయం చెప్పింది. ఆదివారం నుంచి ఆమె నాయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మందులిచ్చేది, మొహం చూసేది కాదు. మంగళవారం పొద్దున ఆయన గ్లాసుతో మంచం కమ్మీ మీద కొట్టాడు. ఆమె పొయ్యి దగ్గరే ఉంది.

“కొట్టినాడు. నేను పోలేదు. మళ్ళా కొట్టినాడు, పోలేదు” అంది అమ్మ. “కోపం తగ్గినాక పోదామనుకున్నా.”

ఆమెను ఓదార్చే అర్హత లోకంలో ఎవరికి ఉన్నా నాకు లేదు.

నేను వదిలిపెట్టే మనిషిని కాదు కాబట్టి ప్లంబరును పిలిపించాను. పైపు మొదట్లో నేల తవ్వించాను. అడుగు లోతులో పైపు ముగిసిపోయింది. కొసకు మట్టి గడ్డకట్టి ఉంది. ఎప్పుడో కోసేసి వదిలేశారమ్మా, ఇది దేనికీ తగులుకుని లేదు అన్నాడు ఆ మనిషి. పక్కింట్లో అడిగాను. ఆ ఆదివారం వాళ్ళు పొద్దున్నే తాళం వేసి క్యాసంబళ్ళిలో పెళ్ళికి వెళ్ళారు, చీకటి పడ్డాకే తిరిగి వచ్చారు. ఎండకు ఇనుము సాగి శబ్దం చేసిందనుకుందామంటే, మూడేసి దెబ్బలు లెక్కపెట్టి కొట్టే ఎండ ఉంటుందా? ఉన్నా, ఆ కార్డు సంగతి ఏమిటి? నాకు తెలియదు. ఇన్ని నెలలు ఆలోచించినా తెలియలేదు, ఇకపైన తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

ఇప్పుడు ఆదివారాలు అదే వేళకు స్టీలు గ్లాసు తీసుకుని ఆ పైపు మీద మూడుసార్లు కొడతాను. వంటింట్లో అమ్మ చేతిలో పని ఆపేస్తుంది. ఇద్దరం వింటాం. ఏమీ రాదు. కాసేపటికి మళ్ళీ తెడ్డు చప్పుడు మొదలవుతుంది.

నోట్‌బుక్కులో తట్టే కార్డుకు వేసిన మార్కు కొట్టేశాను. దాని బదులు ఇంకోటి వేయలేదు.

ఆట ముగిశాక ఎవరి చేతిలో ఏ కార్డులు వాడకుండా మిగిలాయో పేజీ కింద రాయడం కూడా నా అలవాటే. ఆ ఆదివారం పేజీ కింద నా పేరు పక్కన ఒక్క మాటే ఉంది. తాడు.