కంప లాగిన చేతులు

మా ఊరు బద్వేలుకు అవతల, కొండ కిందనే ఉండాది. ఎండాకాలం వస్తే కొండ మీద బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది. దానికి అగ్గి పెడితే తొలి వానకు లేత గడ్డి లేస్తుందని గొర్రెలోళ్ళకు ఒక అలవాటు. ఎవరు పెట్టినారంటే ఎవరూ చెప్పరు. ఎప్పుడూ ఒక పక్క కాలి, బండలు అడ్డమొచ్చి ఆరిపోయేది. ఆ యేడు ఆరలేదు. మధ్యాహ్నం గాలి తిరిగింది.

కొండ పైన గొర్రెల దొడ్డిలో మా ఇంటాయన ఉన్నాడు. ఈనిన గొర్రెలు, ఇంకా కాళ్ళు గట్టిపడని పిల్లలు ఆయనతోనే ఉన్నాయి. నక్కలు రాకుండా దొడ్డి చుట్టూ తుమ్మకంప మనిషెత్తు పేరుస్తాం. వాకిట్లోకి కూడా ఒక పెద్ద కంప లాక్కొని మూసుకుంటాం. మంటను చూసి గొర్రెలు బెదిరి తలా ఒక దిక్కు పోతాయని ఆయన ఏం చేసినాడంటే, తను లోపలే ఉండి ఆ వాకిలి మూసుకున్నాడు. గొర్రెలు కాసేటోడు తప్ప ఇంకొకడు ఆ పని చేయడు. మంట వస్తాంటే ఎవరన్నా ఎండుకంప నడుమ కూర్చుంటారా?

ఫోన్ చేస్తే ఎత్తినాడు.

"యాడుండావయ్యా? దిగి రా!"

"దొడ్లోనే ఉండా. నేను దిగితే ఇవి మంటలోకే పోతాయి. నువ్వు అరవద్దు."

"గొర్రెల్ని నేనేం చేసుకోవాలయ్యా, నువ్వు లేకుంటే?"

దానికి బదులు దగ్గు ఇనిపించింది. ఆనక ఫోనే పలకలేదు.

పక్కింటాయన ముందే ఫైరోళ్ళకు చెప్పినాడంట. బండి వచ్చింది గానీ కొండ మొదట్లోనే రాళ్ళలో నిలిచిపోయింది. పైపు అంత పైకి అందదు. నలుగురు దిగినారు. నేను చెప్పుల్లేకుండానే కొండకు అడ్డంపడి పోతాంటే, వాళ్ళలో పెద్దాయన నా చెయ్యి పట్టి ఆపినాడు.

"అమ్మా, దారి చెప్పు, చాలు. నువ్వు గూడా వస్తే ఇద్దర్ని మోసుకురావాల."

"ఎండిపోయిన వంక పట్టుకోని పోండి నాయనా. అంతా రాయే, గడ్డి ఉండదు. వంక వంపు తిరిగినకాడ కుడిపక్క దొడ్డి."

తువ్వాళ్ళు తడిపి మొగాలకు చుట్టుకున్నారు. వంకలో కానుగ చెట్టుకు పచ్చికొమ్మలు విరిచి చేత పట్టుకున్నారు. నీళ్ళు అందని చోట వాటితోనే మంటను కొట్టాలంట. అంత మంట మీదికి కొమ్మలు పట్టుకొని పోతున్నారే, వీళ్ళూ ఒక తల్లి బిడ్డలే కదా అనుకున్నా.

పైన ఏం జరిగిందో మా ఆయన తరవాత చెప్పినాడు. వాళ్ళు చేరేసరికి దొడ్డి ఒక పక్క అంటుకుంది. వాకిట్లో కంప కూడా రాజుకుంటా ఉంది. ముగ్గురు కొమ్మలతో మంటను కొడతాంటే, అందరికంటే వయసులో చిన్నాయన ఆ కంపను రెండు చేతులతో పట్టి లాగినాడంట. ముండ్లు ఒక పక్క, నిప్పు ఒక పక్క.

"ఓ అయ్యా, బయటికి రా!"

"ముందు గొర్రెలప్పా."

"నీయమ్మా, గొర్రెలు మాట ఇంటాయా ఇప్పుడు? నువ్వు రా!"

"పిల్లల్ని ఎత్తుకోండి. తల్లులు అవే వస్తాయి."

వాళ్ళు చంకకొకటి, భుజానికొకటి ఎత్తుకున్నారంట.

నేను కింద పొగనే చూస్తా ఉన్నా. మొదట గొర్రెపిల్లల అరుపు ఇనిపించింది. ఆ వెనక నల్లబడిన మొగాలతో ముగ్గురు వచ్చినారు. వాళ్ళ కాళ్ళకు అడ్డంపడతా మంద వచ్చింది. మా ఆయన యాడా కనిపించలేదు. గొర్రెలన్నీ నన్ను దాటుకొని పోతున్నాయి, నా చూపు వంక మీదనే ఉంది. అందరికంటే వెనక ఫైరోళ్ళ పెద్దాయన వచ్చినాడు, మా ఆయన్ను వీపున వేసుకొని. నేను ఎదురు పరిగెత్తిపోయి ఆయన్ను పట్టుకొని వదల్లేదు.

"ఏందమ్మా, బాగుండాడు. దించుకోనియ్యవా? శానా బరువుండాడు మీ ఆయన!"

మా ఆయన్నూ, చేతులు కాలిన ఆ చిన్నాయన్నూ బద్వేలు ఆసుపత్రికి తీసుకపోయినారు. ఈయనకు పొగ పట్టింది తప్ప ఏమీ లేదన్నారు. ఆ చిన్నాయన అరచేతుల్లో ముండ్లు తీసి, రెండు చేతులకూ కట్లు కట్టినారు. ఇంటికి పొమ్మంటే పోకుండా మా ఆయనతో పాటు మళ్ళీ కొండ కాడికే వచ్చినాడు. తక్కినోళ్ళు అప్పటిదాకా మిగిలిన మంట ఆర్పుతానే ఉన్నారు.

పొద్దు వాలినాక అందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి సంగటి, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి పెట్టినా. చిన్నాయన గిన్నె వైపు చూస్తాడు, కట్ల వైపు చూస్తాడు. నేను ముద్ద తుంచి, ఊరిబిండిలో అద్ది, ఆయన నోట్లో పెట్టినా.

"మా అమ్మకు తెలిస్తే ఏడుస్తాదమ్మా."

"ఏడవనీ నాయనా. నీలాంటోణ్ణి కన్నది, ఏడ్చినా తప్పులేదు."

తక్కిన ముగ్గురూ చూసి, "మాకూ చేతులు నొప్పిగుండాయమ్మా" అని చేతులు దాచిపెట్టుకున్నారు. ఎగతాళికే అన్నారు గానీ నేను ఎగతాళికి తీసుకోలేదు. వరసగా నలుగురికీ పెట్టినా.

గోడకు ఆనుకోని కూర్చున్న మా ఆయన దగ్గుకుంటా అడిగినాడు: "మరి నాకో?"

"నీకేమైంది? చేతులుండాయి కదా, తిను."

అందరూ నవ్వినారు. ఆయన కూడా నవ్వి, గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.