నేరేడు చెట్టు కింద పెద్దమ్మ

పోయిన ఆదివారం పొద్దున్నే మా సొంతూరు రంగత్ నుంచి ఫోన్ వచ్చింది. "దీదీ, అమ్మ ఎల్లిపోనాది," అన్నాడు పెద్దమ్మ కొడుకు. తరువాత వాడేం చెప్పాడో నాకు గుర్తు లేదు. డైరీ ఫార్మ్ అనే పేటలోని మా ఇంట్లో, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలలేకపోయాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్కేమీ కాదు, రంగత్‌లో మా పక్కిల్లు. బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మేది. మా వీధి పిల్లలందరినీ సొంత పిల్లల్లాగే తిట్టేది. మా అమ్మలెవరూ ఏమీ అనుకునేవారు కాదు. తమకు కొంత పని తగ్గిందని సంతోషించేవారు కూడా.

ఎండాకాలం చివర, వానలు మొదలయ్యే ముందు, మమ్మల్ని క్రీకు అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న నేరేడు చెట్టు దగ్గరికి తీసుకెళ్ళేది. చెట్టును దులపనిచ్చేది కాదు. కింద నలుగురు పాత చీర నాలుగు కొసలూ పట్టుకోవాలి. అందరిలో బక్కపిల్ల ఎక్కి, గుత్తులు కోసి అందులో వెయ్యాలి. నేల మీది పండు ముట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చేది. "నేరేడు కొమ్మ పెలుసమ్మీ, దాన్ని నమ్మీకు," అని వందసార్లు చెప్పేది. ఇంటికొచ్చాక ఉప్పూ కారమూ వేసి, స్టీలు డబ్బాలో కుదిపి అందరికీ పంచేది. తనకు మాత్రం అడుగున చితికినవే.

నేను చెప్పబోయేది సునామీ వచ్చిన తరువాతి ఎండాకాలం సంగతి. సముద్రం మా పొలాల దాకా వచ్చి పోయింది. ఆ తరువాత కూడా భూమి అప్పుడప్పుడూ కదులుతూనే ఉండేది. గిన్నె చప్పుడైతే చాలు, అందరం వీధిలో ఉండేవాళ్ళం. క్రీకు వైపు వెళ్ళొద్దంది అమ్మ. నాకప్పుడు పదేళ్ళు, మహా మొండిదాన్ని. వారం రోజులు పెద్దమ్మ ప్రాణం తిని, అమ్మను ఒప్పించేలా చేశాను.

నేను చెట్టు మీద ఉండగా కొమ్మలు ఊగాయి. గాలి అనుకున్నాను. అంతలో క్రీకు అవతల ఎవరో "పానీ పీఛే జా రహా హై" అని అరిచారు. చూస్తే నిజంగానే నీళ్ళు వెనక్కి పోయి బురద కనబడుతోంది. రోజూ పాటు వేళకు, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, కనబడే బురదే. కానీ సునామీకి ముందు కూడా నీళ్ళు ఇలాగే వెనక్కి పోయాయి, అందుకే ఆ ఏడాది మా దీవుల్లో రోజూ చూసే పాటును కూడా ఎవరూ నమ్మలేదు. చీర పడేసి అందరూ గుట్ట వైపు పరిగెత్తారు. పెద్దమ్మ తన అయిదేళ్ళ కొడుకును మాలో పెద్దపిల్ల చేతికిచ్చి పంపేసింది. వాడు అమ్మా అమ్మా అని ఏడుస్తూనే వెళ్ళాడు.

నా కాళ్ళు బిగుసుకుపోయాయి. కింద కొమ్మ చిటపటమంటోంది. పెద్దమ్మ చెట్టు మొదట్లో నిలబడి చేతులెత్తింది.

"ఏటీ రాదమ్మీ. పాటు నీళ్ళే. నేనెక్కడికీ ఎల్లను. ఎడం కాలు కిందెట్టు."

ఎంతసేపు పట్టిందో తెలియదు. నా కాలు చేతికి అందగానే నన్ను భుజాన వేసుకుని పరుగు తీసింది. ఉత్త పాటే అయితే అంత పరుగెందుకో అప్పుడు నాకు తోచలేదు. సాయంత్రం దాకా గుట్ట మీదే కూర్చున్నాం. సముద్రం రాలేదు. దిగివస్తూ అందరం నవ్వుకున్నాం.

సముద్రం సంగతి తెలిసిన మనిషి కనుకే అంత నిబ్బరంగా నిలబడిందని చాలా ఏళ్ళు అందరికీ గొప్పగా చెప్పాను. కిందటేడు మంచాన ఉన్న పెద్దమ్మను చూడబోయి, ఆమెతోనూ అదే అన్నాను.

"నాకేటి తెలుసే? వచ్చేస్తాదనే అనుకున్నాను," అంది.

మరి చెట్టు కింద ఉన్నంతసేపూ ఒక్కసారైనా క్రీకు వైపు తిరిగి చూడలేదేమని అడిగాను.

"సూస్తే నిన్నొదిలేసి పరిగెట్టేద్దును."

ఇన్నేళ్ళూ చెప్పనందుకు ముందు కోపం వచ్చింది. తరువాత ఏడుపొచ్చింది. ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం ఫోన్ వచ్చినప్పటి నుంచీ, ఆనాడు చెట్టు మీంచి చూసిన పెద్దమ్మే నా కళ్ళ ముందుంది. గుట్ట మీంచి కొడుకు ఏడుపు ఆమెకు వినబడుతూనే ఉండి ఉంటుంది. క్రీకుకు వీపు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, నా కాలు తగిలి రాలిన పళ్ళు నుదుట చితికి రసం కంట్లోకి కారుతున్నా, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.