రెండు వరసల కుట్టు

"నోరు లేదా అండీ మీకు? ఒరుసుకుంటోందని ఒక్క మాట చెబితే కొరికేస్తానా?"

"కొరకవు. మళ్లీ విప్పి కుడతావు. సూదిలో దారం ఎక్కించమని నా ప్రాణం తీస్తావు."

"నవ్వులాటగా ఉందా? ఎన్నాళ్లయింది?"

"వారం."

"వారం నుంచి పుండు మీదే ఆ పట్టీలు కట్టించుకుంటున్నారా!"

"ఇరవై రెండు రోజులు అయిపోయాయే. ఇంకా పదమూడేగా, ఓర్చుకుందామనుకున్నాను."

ఏలూరు స్టేషను బల్ల మీద నాకూ మా ఆయనకూ జరిగిన గొడవ ఇది. పక్కనున్నవాళ్లు వింటున్నా నేను గొంతు తగ్గించలేదు.

ఆయన గుండె రక్తనాళాలు ఆపరేషనుకు పనికిరావన్నారు. కోత లేని వైద్యం ఒకటుందని ఏలూరులో డాక్టరు గారు చెప్పారు. పిక్కలకు, తొడలకు, నడుం కిందా బీపీ చూసే పట్టీల్లాంటివే, వెడల్పాటివి చుడతారు. గుండె ఒకసారి కొట్టుకుని సేదతీరే క్షణంలో మిషను వాటిలోకి గాలి నింపి కాళ్లను గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడికి రక్తం గుండె వైపు ఎగదన్నుతుంది. రోజుకో గంట, ముప్పై అయిదు రోజులు. పొద్దున్నే భీమడోలులో రైలెక్కేవాళ్లం. వీధి గుమ్మం దాటితే ఆయాసపడే మనిషి పదిహేనో రోజుకి మా చేపల చెరువు గట్టుదాకా ఆగకుండా నడిచారు. నేను వెనకే వెళ్లి చూశాను.

పట్టీల కింద ఒంటికి అతుక్కునే ప్యాంటు వేసుకోవాలి. రెండు కొనమన్నారు. ఒకటే కొన్నాను. రెండోది మనవరాలి పాత లెగ్గింగులు కత్తిరించి ఇంట్లో కుట్టు మిషను మీద కుట్టాను. చిరగకూడదని తొడ వెనక రెండు వరసలు వేశాను. ఆ కుట్టే ఒరుసుకుంది. ఆయనకు షుగరు. పట్టీలు కట్టే అమ్మాయి రోజూ "ఎక్కడైనా మండుతోందా తాతగారూ?" అని అడిగేది. "లేదమ్మా" అనేవారు. ఆ రోజు ప్యాంటుకి నెత్తురు అంటడం చూసి మిషను ఆపేసింది. రేపు డాక్టరు గారికి చూపించమంది.

"నేను కుట్టాను కదా, తప్పు నాదేనని ఊరంతా చెప్పుకోండి" అన్నాను బల్ల మీద.

"ఊరికి చెప్పేవాడినైతే నీకు చెప్పనా?" అన్నారు.

తప్పయిందండీ అనడానికి నోరు రాలేదు. తర్వాతా రాలేదు. ఆ పుండు మానకముందే ఆయన పోయారు. మిగిలిన పదమూడు రోజులూ జరిగుంటే ఉండేవారో లేదో డాక్టరు గారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

గొడవైన మర్నాడు పొద్దున్న అదే రైలుకి వెళ్లాం. డాక్టరు గారు పుండు చూసి, పూర్తిగా మానేదాకా మిషను వద్దన్నారు. మాకిచ్చిన గంటలో ఇంకొకావిడ పడుకుంది. తిరుగు రైలుకి ఇంకా టైముంది. ఇద్దరం గది బయట కుర్చీల్లో కూర్చుని లోపల మిషను ఆడుతున్న చప్పుడు విన్నాం. గంటయ్యాక లేచి స్టేషనుకి వచ్చేశాం.