యాకయ్య గారి కాలు, రిజిస్టరులో రెండవ గడి

పాత రిజిస్టరు తెరిస్తే ఇప్పటికీ గ్రీజు వాసన వస్తుంది. నిన్న ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో ఆ వాసన వెంటే నా చేతిరాతలోని ఈ వరుసలు కనిపించాయి.

2005 జూన్: మోకాలి నొప్పి. మాత్రలు ఇచ్చారు.
2005 నవంబర్: మోకాలి నొప్పి. మోకాలికి ఎక్స్‌రే. వయసు అన్నారు.
2006 ఆగస్టు: మోకాలిలో సూది.
2007 ఫిబ్రవరి: మోకాలిలో మళ్లీ సూది. పడుకోబెట్టి చూడలేదు.

ఆ కాలు మా ఫోర్‌మన్ యాకయ్య గారిది. నాలుగుసార్లూ ఆయనను గని దవాఖానాకు తీసుకువెళ్లి, వచ్చి యంత్రాల రిజిస్టరులోనే రాసుకున్నవాణ్ణి నేను. మణుగూరు గని వర్క్‌షాపులో నేను రిజిస్టరు రాసే గుమాస్తాను. చెడిపోయిన ప్రతి యంత్రానికీ ఆయన రెండు గడులు గీయించేవారు: మోత ఎక్కడ వినబడింది, లోపం ఎక్కడ దొరికింది. కొత్తలో నేను ఒక పంపుకు రెండు గడుల్లోనూ 'మోటారు' అని రాశాను.

"ఏందయ్యా రైటరూ, మోత ఈడ వినవడ్డదని లోపం గూడ ఈడనే అని రాస్తవా? మోత ఇనుము పట్టుకొని నడిచొస్తది. ఈ రాడ్ చెవికి పెట్టు."

ఇనుప రాడ్ ఒక కొనను పంపు అవతలి చివర ఆనించి, రెండవ కొనను నా చెవికి పెట్టారు. లోపల గరగరమని రాపిడి వినిపిస్తోందని చెప్పాను.

"అవ్, గా బేరింగే. రెండో గడి నింపకుండ మిషన్‌ను వదలకు."

రోజూ పని మొదలయ్యే ముందు ఆయన రాడ్ పట్టుకొని పంపుల వరుస చివరిదాకా నడిచేవారు. నొప్పి మొదలయ్యాక కొన్నాళ్లు కుంటుతూ నడిచారు. తరువాత స్టూలు మీద కూర్చొని, మా చేత రాడ్ పెట్టించి ఏమి వినబడిందో అడిగేవారు. "చెవి మంచిగనే ఉన్నది, దాన్ని మోసే కాలే లేదు" అని నవ్వేవారు. విరమణకు ఏడాది మిగిలింది. ఆ లోపల ఒక్కసారైనా ఆ వరుస మొత్తం తన కాళ్లతో నడవాలన్నదే ఆయన కోరిక.

చివరకు ఖమ్మంలో ఒక యువ వైద్యురాలి వద్దకు వెళ్లాము. ఆమె ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదం బయటికి వచ్చేలా తొడను లోపలికి తిప్పింది. యాకయ్య గారు కేకవేసి గజ్జ పట్టుకున్నారు.

"పెద్దయ్యా, నొప్పి మోకాలిలో తెలుస్తోంది గానీ చెడింది తుంటి. తొడ ఎముక పైకొన గుండులా ఉంటుంది, నడుము కింది ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. మధ్యనున్న నున్నటి పొర అరిగిపోయింది. రెండు కీళ్లకూ కొన్ని నరాలు ఒకటే."

ఆయన నా వైపు తిరిగారు. "ఇన్నావా రైటరూ? మిషన్లకు జీవితమంతా చెప్పిన, నా కాలికి చెప్పకపోతి." తరువాత ఆమెను అడిగారు: "కొత్త కీలు ఏస్తే గ్రీజు పెట్టాల్నా బిడ్డా?"

"అక్కర్లేదు. గొంతుక్కూర్చోవద్దు, అంతే."

"మరి పంపు కింద చూసేదెట్ల?"

"మీ రైటర్ గారు వంగుతారు."

కీలు మార్చారు. విరమణకు నెల ముందు ఆయన ఒక చేత కర్ర, ఒక చేత రాడ్ పట్టుకొని చివరి పంపుదాకా నడిచారు. నేను వంగాను.

ఆయన ఇప్పుడు లేరు. రాడ్ నా దగ్గర ఉంది. ముందే కనుక్కొని ఉంటే శస్త్రచికిత్స తప్పేదని నేను అనను. ఆ సూదులు, స్టూలు మీద గడిచిన ఆ ఉదయాలు తప్పేవి. పై నాలుగు వరుసలకూ రెండవ గడి ఖాళీగా ఉంది. ఆ లోపంలో నా వంతు నిన్న రాశాను: "అడగవలసింది, అడగలేదు." మోకాలి నొప్పితో వచ్చిన మనిషి తుంటిని నాలుగుసార్లలో ఒక్కసారైనా ఎందుకు కదిలించి చూడలేదో ఆ దవాఖానా యాజమాన్యం నాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెనని కోరుతున్నాను. నోటితో చెబితే స్వీకరించను. గడిలో చోటు ఉంది.