ఎదురుకాళ్ల పిల్ల తన్ను

మా చిన్నప్పుడు... తెనాలిలో మా ఇంటి తలుపు తెలతెలవారుతుండగా ఎవరైనా తట్టారంటే, అది నా కాలి కోసమే.

నేను రేపల్లెలో, అమ్మ పుట్టింట్లో, ఎదురుకాళ్లతో పుట్టానట. అలా కాళ్లు ముందు బయటపడ్డ పిల్లలు తన్నితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. నొప్పి ఉన్నవాళ్లు పళ్లు కూడా తోముకోకుండా వచ్చి వసారాలో బోర్లా పడుకునేవారు. నేను నిద్రకళ్లతో అమ్మ చెయ్యి పట్టుకుని కుడికాలితో మెల్లిగా తన్నేదాన్ని. పెద్దవాళ్లను తన్నిన పాపం పోవాలని వెంటనే వాళ్లకు దణ్ణం పెట్టించేది అమ్మ. ఆ మసక వెలుగు, కళ్లాపి చల్లిన వాకిలి వాసన, పాదం కింద ఎవరిదో వెచ్చని వీపు... ఇప్పటికీ అదంతా కలలాగే ఉంటుంది నాకు.

బాపట్ల నుంచి కూడా ప్యాసింజర్ ఎక్కి వచ్చేవారండి... నాకోసం జీళ్లు పొట్లం కట్టించుకుని మరీ. నా దర్జా చూడాలి అప్పుడు.

ఒక్క నానమ్మే నన్ను దగ్గరకు తీసేది కాదు. నా కాన్పులో అమ్మ చావు తప్పి బయటపడిందట. అందుకని "తల్లిని మింగబోయిన పిల్ల" అనేది. అందరూ నా కాలు అడుగుతుంటే, నానమ్మ కూడా ఒక్కసారి అడిగితే బాగుండునని నాకెంత ఆశగా ఉండేదో...

ఓరోజు గారెలకు పప్పు రుబ్బుతూ వంగిన నానమ్మ ఇక లేవలేకపోయింది. ఇసక కాపడం పెట్టారు, ఆముదం మర్దనా చేశారు. తగ్గలేదు. మర్నాడు పొద్దున్నే గోడ పట్టుకుని నా పక్క దగ్గరికి వచ్చింది.

"లేమ్మా... నన్నూ ఓసారి తన్ను" అంది.

నన్ను 'అమ్మా' అనడం అదే మొదలు.

తన్నానంటే... భయంభయంగా పాదం ఆనించానంతే. దణ్ణం పెట్టబోతే, నానమ్మ మెల్లిగా లేచి కూర్చుని నా పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"ఇంతింత కాళ్లే... వీటికా నేను ఇన్నాళ్లూ భయపడిందీ" అంటూ నిమురుతూనే ఉంది.

నడుం నిజంగా వదిలిందో, నా కోసం వదిలిందని చెప్పిందో తెలీదు. ఆ రోజు నుంచి నా పడక మాత్రం నానమ్మ పక్కనే.

ఇప్పుడు బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని స్కానింగులో తెలియగానే ఆపరేషన్ చేసేస్తున్నారు. మంచిదే... అమ్మ పడ్డ బాధ ఇంకే తల్లికీ వద్దు. కానీ మా ఎదురుకాళ్ల జాతి కరువైపోయింది.

మొన్న నాకూ నడుం పట్టేసింది. ఎంత తంటాలు పడినా నా కాలు నా నడుముకు అందదు కదా... మీ వీధిలో మా జాతివాళ్లెవరైనా మిగిలుంటే చెప్పండి. పళ్లు తోముకోకుండా వచ్చేస్తాను.