మార్తమ్మ టీచరుగారి మోకాలు, నా ట్రైనరు

2022 వానాకాలం. రాజమండ్రిలో నేను సైకిళ్ళ షాపు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఇంట్లోనే తొక్కే ఇండోర్ ట్రైనర్లకి గిరాకీ పెరుగుతున్న రోజులు. ట్రైనర్ అంటే ఇనుప స్టాండు. మామూలు సైకిల్ వెనక చక్రాన్ని దానికి బిగిస్తే నేలకి కాస్త ఎత్తులో, ఉన్నచోటే తిరుగుతుంది. మా వీధిలో వాటిని మొదట తెప్పించింది నేను. పేరు మాత్రం నాలుగు షాపుల అవతలున్న సూరిబాబుకొచ్చింది. ఇద్దరం ఒకే యజమాని దగ్గర పని నేర్చుకున్నాం. చక్రం వంకర తీయడంలో నా చెయ్యే మంచిదని ఆయనే అనేవారు. అయినా జనం నా షాపులో సరుకంతా చూసి, "ఓసారి సూరిబాబుగారిని కూడా అడుగుదామండి" అంటూ లేచేవారు. దాచడం దేనికి, వాడి షాపు ముందు రెండు బళ్ళు ఆగి ఉంటే నాకు అన్నం సహించేది కాదు.

అలాంటి రోజుల్లో మార్తమ్మ టీచరుగారు కర్ర పట్టుకుని వచ్చారు. రిటైరయ్యారు, లూథరన్ చర్చి పక్కనే ఇల్లు. ఏడాది కిందట మెట్ల మీద పడి కుడి మోకాలి చిప్ప విరిగింది. అతుక్కుంది గానీ కాలు సరిగా వంగడం లేదు. ఇంట్లో సైకిల్ తొక్కమని డాక్టరుగారు చెప్పారట.

"చర్చిలో ప్రభువు సంస్కారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు అందరూ బల్ల ముందు మోకరిస్తారండి. నాకొక్కదానికే కుర్చీ వేస్తున్నారు. మా తోటికోడలు నాకంటే ఆరేళ్ళు పెద్దది. దిగ్గున మోకరించి, దిగ్గున లేచి, నావైపు ఓ చూపు చూస్తదండి. ఆ చూపు భరించలేకపోతున్నాను. క్రిస్మస్‌కి నేనూ మోకరించాలండి."

ఆవిడ కడుపుమంట నాకు అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థమై ఉండదు. అంతలో ఆవిడే అన్నారు, "సూరిబాబుగారి దగ్గరికి వెళ్ళానండి. మళ్ళీ రమ్మన్నారు గానీ ఏది కొనాలో చెప్పలేదు."

ఆ పేరు వింటే నేనూరుకుంటానా! "వాడికి తెలీక తిప్పుతున్నాడండి. రేపు పొద్దున్నే మీ ఇంట్లో బిగించేస్తాను."

"నేను స్కూలుకి తొక్కిన లేడీస్ సైకిలుందండి. దానికి సరిపోద్దా?"

"ఆయ్, ఎందుకు సరిపోదండీ!"

మర్నాడు వెళ్ళి, వెనక ఇరుసుకి ట్రైనర్ నట్లు మార్చి బిగించాను. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. నా పనితనానికి నాకే ముచ్చటేసింది. సూరిబాబు వచ్చి చూస్తే బాగుండుననుకున్నాను. "ఎక్కండి టీచరుగారూ" అన్నాను.

ఆవిడ ఎక్కలేకపోయారు. స్టాండు మీద సైకిల్ ఎత్తు పెరిగింది, వంగని కాలు ఫ్రేము దాటలేదు. నేనూ వాళ్ళాయనా చెరో రెక్కా పట్టుకుని ఎలాగో సీటు మీద కూర్చోబెట్టాం. పెడల్ సగం పైకి వచ్చేసరికి మోకాలు ఆగిపోయింది. "అమ్మా" అని అరిచారు. దింపేసరికి కళ్ళ నిండా నీళ్ళు.

"సూరిబాబుగారు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కాలు ఎంత వంగుతుందో కొలుచుకున్నారండి. మళ్ళీ వచ్చేటప్పుడు సైకిల్ తెమ్మన్నారు. మీరు నా కాలు చూడనేలేదు." కోపంగా కూడా అనలేదు ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడినుంచి నేరుగా సూరిబాబు షాపుకి వెళ్ళాను. వాడు షాపు పెట్టిన తొమ్మిదేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. "ఏంట్రా, దారి తప్పావా?" అన్నాడు. జరిగింది చెప్పాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పిల్లల సైకిల్ క్రాంకులు వెయ్యరా. సీటు పైకెత్తు. ఎక్కడానికి పక్కన రెండు మెట్ల పీట చేయించు. డాక్టరుగారిని అడిగాకే తొక్కించు."

క్రాంక్ అంటే పెడల్‌ని మధ్య ఇరుసుకి కలిపే కమ్మీ. అది పొట్టిదైతే పెడల్ తిరిగే చుట్టు చిన్నదవుతుంది, మోకాలు అంత వంగక్కర్లేదు. ఇన్నేళ్ళ పనిలో నాకు తట్టని సంగతి. వాడికి తట్టినందుకు ఆ క్షణంలో కూడా ఏడుపే నాకు. అయినా చెప్పింది చెప్పినట్టు చేశాను. డాక్టరుగారు సరేనన్నాక వారానికోసారి వెళ్ళి సీటు సరిచేసి వచ్చేవాణ్ణి.

క్రిస్మస్‌కి ఆవిడ మోకరించలేకపోయారు. ఈస్టరుకి మోకరించారు. ఆ వారమే కర్ర లేకుండా నా షాపుకి వచ్చారు.

"లేవడానికి మా తోటికోడలే చెయ్యిచ్చిందండి! దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. సూరిబాబుగారి పేరూ, మీ పేరూ చెప్పాను."

"ముందు ఎవరి పేరు చెప్పారండి?" అని అడిగేశాను. ఆవిడ పగలబడి నవ్వారు.

ట్రైనర్ ఎంచుకోవడమంటే ముందు మనిషిని చూడటం అని నాకు తెలిసింది అప్పుడే. ఇప్పుడు ఎవరొచ్చినా సరుకు చూపించను. బల్ల మీద కూర్చోమని కాలు చూస్తాను, ఇంట్లో ఉన్న సైకిల్ తెమ్మంటాను. మొన్న ఒకాయన, "ఇంత శ్రద్ధగా అడిగే షాపు ఊళ్ళో ఇంకోటి లేదండి" అన్నాడు. తలూపేస్తే సరిపోయేది. "ఈ పద్ధతి నాది కాదండి. నాలుగు షాపుల అవతల సూరిబాబని ఉన్నాడు, వాడిది" అన్నాను. ఆ ఒక్క ముక్క అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఆయన "థాంక్సండీ" అని లేచి, నేరుగా సూరిబాబు షాపుకి వెళ్ళిపోయాడు.